పడటం నేర్పిన రామాంజినవ్వ

ముదిగుబ్బ నుంచి కదిరి పోయే రోడ్డు మీద కొంతదూరం వెళ్ళాక, ఎడమచేతి వైపు నల్లగుట్టపల్లికి దారి చీలుతుంది. ఆ ఊరి హైస్కూల్లో రామాంజినమ్మ ఆయా. వయసు అరవై దాటి ఏడాదయింది. పొద్దున్నే గేటు తాళం తీయాలి, గదులు ఊడవాలి, ఆడపిల్లల బాత్‌రూములు కడగాలి, కుళాయి వచ్చే గంటసేపట్లోనే తొట్లన్నీ నింపుకోవాలి. మనిషి పొట్టి, సన్నం. నిండు బిందె నెత్తిన పెట్టుకుని చెయ్యి ఆనించకుండానే మెట్లు దిగేది. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు గాని, ఆ నడక ఎక్కడ అబ్బిందని అడిగినవాళ్ళు లేరు. సొంతూరు ఏదంటే "కదిరి పక్క" అని ఊరుకునేది. భర్త తిప్పయ్య పోయి తొమ్మిదేళ్ళు. ఒక్కతే కూతురు సరళ, అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు.

రెండేళ్ళ కిందట జూన్‌లో ఆ బడికి కొత్త పీఈటీ వచ్చింది. పేరు ప్రసూన. ముప్పై ఏళ్ళుంటాయి, అనంతపురంలోనే పుట్టి పెరిగింది. ఆటో దిగుతూనే వెనక సీట్లోంచి చుట్టచుట్టి కట్టిన నీలం పరుపు ఒకటి కిందికి లాగింది.

"పండుకునేకా మేడమ్?" అని నవ్వింది రామాంజినమ్మ.

"కాదవ్వా, పిల్లోళ్ళు పల్టీలు కొట్టేకి."

రామాంజినమ్మ నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది. పరుపుకు ఒక కొస తాను పట్టుకుని ఆటసామాన్ల గది దాకా మోసింది.

జిమ్నాస్టిక్స్ అనే మాట ఆ ఊళ్ళో అంతవరకు ఎవరూ పలకలేదు. సాయంత్రం నాలుగింటికి బడి వెనక ఖాళీ జాగాలో పన్నెండు మంది ఆడపిల్లలతో ప్రసూన మొదలుపెట్టింది. పిల్లిమొగ్గలు వేయిస్తుంది కాబట్టి పిల్లలు దానికి మొగ్గల క్లాసని పేరు పెట్టుకున్నారు. వడ్రంగి ఆదెప్ప దగ్గర ఒక పాత ఇంటి దూలం ఉంటే, దాన్ని అడిగి తెచ్చి, జానెడు కన్నా బాగా సన్నంగా చెక్కించి, మోకాలెత్తున దిమ్మెల మీద నిలబెట్టి, పైన కంబళి ముక్క బిగించి కొట్టించింది. బ్యాలెన్స్ బీమ్ అని ప్రసూన ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకది దూలమే.

నాలుగయ్యేసరికి రామాంజినమ్మకు బడి వెనకనే ఏదో ఒక పని తగిలేది. ఊడ్చిన చోటే ఊడ్చేది. చీపురు చేతిలో కదులుతుంటే కళ్ళు మాత్రం పిల్లల మీద ఉండేవి. ఒక పిల్ల వెనక్కి విల్లులా వంగితే ఆమె నడుం తనకు తెలియకుండానే కాస్త వంగేది. ఒకతె తల ముందుగా ఆనించి మొగ్గ వేస్తే పళ్ళు బిగబట్టేది. మెడ విరుగుతుందే పాపా అని నోటిదాకా వచ్చేది. మింగేసేది.

ఎందుకంటే ఆమె పుట్టింది గడెక్కే ఇంట్లో.

ఆమె నాయనకు ఇరవై మూరల వెదురుగడ ఉండేది. గాడిద మీద గుడారం గుడ్డ, మోకులు, డోలు వేసుకుని ఆ కుటుంబం ఊరూరా తిరిగేది. దొమ్మరాట ఆడేవాళ్ళని ఊళ్ళు వాళ్ళను పిలిచేవి. నాలుగేళ్ళకు నాయన భుజం మీద, ఆరేళ్ళకు మోకు మీద, తొమ్మిదో ఏట గడ మీద. పొట్టి లాగులాంటి చల్లడం తొడుక్కుని సరసరా పైకి పాకి, గడ కొసన పొట్ట ఆనించి, చేతులు కాళ్ళు చాపి గిరగిర తిరిగేది. కింద డోలు ఆగేది. జనం ఊపిరి కూడా ఆగేది. వానలు పడని ఏడు పెద్దరైతులే కబురు పెట్టి పిలిపించేవాళ్ళు. గడ మీద నుంచి ఆడమనిషి బియ్యం చల్లితే ఊరికి మంచిదని నమ్మకం. కింద ఆడవాళ్ళు కొంగులు పట్టి ఆ బియ్యం ఏరుకుని, ఇళ్ళకు తీసుకుపోయి గాదెల్లో వేసుకునేవాళ్ళు. ఆట అయ్యాక అదే ఊళ్ళో మంచినీళ్ళు అడిగితే దూరం నుంచి పోసేవాళ్ళు. చీకటి పడకముందే గుడారం ఊరి బయటికి జరగాలి. మగవాళ్ళు అడిగే మాటలకు ఆమె తల్లి జవాబు చెప్పలేక తలొంచుకోవడం రామాంజినమ్మకు గుర్తుంది.

తిప్పయ్య వాళ్ళ గుంపులోనే డోలు కొట్టేవాడు. పెళ్ళయ్యాక కూడా ఆమె గడ దిగలేదు. ముప్పై ఒకటో ఏట ఒక జాతరలో, ఆమె చెల్లెలు గంగమ్మ గడ మీద ఉండగా మోకు పట్టుకున్న మనిషి చెయ్యి జారింది. గంగమ్మ పడింది. ప్రాణం దక్కింది, కుడికాలు దక్కలేదు. ఆ వారంలోనే తిప్పయ్య గడను ముక్కలు చేసి పందిట్లోకి వాడేశాడు. రాళ్ళపని, బాయిపని, శనక్కాయ పీకే పని, ఏది దొరికితే అది చేసుకుంటూ తాము ఎప్పుడూ ఆట ఆడని నల్లగుట్టపల్లికి వచ్చి పడ్డారు. సరళను చదివించారు. పదో తరగతిలో ఉండగా సరళ ఒకరోజు తల్లిని కూర్చోబెట్టి, "మనం ఏం జేసేవాళ్ళమో ఎవరికీ చెప్పొద్దు మా. నా మీద ఒట్టు" అంది. రామాంజినమ్మ ఆ ఒట్టు ఇరవై ఏళ్ళకు పైగా నిలబెట్టుకుంది.

ఆగస్టులో ఒక సాయంత్రం ఆ ఒట్టుకు బీట పడింది.

మొగ్గల క్లాసులో చురుకైనది చౌడేశ్వరి. ఏడో తరగతి. గొర్రెలు కాసే కుళ్ళాయప్ప కూతురు. గుట్టల్లో గొర్రెల వెంట తిరిగిన కాళ్ళు, భయం తెలియదు. అదే చిక్కు. దూలం మీద చెయ్యి ఆనించి చక్రం తిరగబోయి పడేది, లేచేది, మళ్ళీ పడేది. పడినప్పుడల్లా చేతులు నిటారుగా నేలకు పొడిచేది. ఆ రోజు నాలుగోసారి పడేసరికి మణికట్టు పట్టుకుని కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు గాని ముఖం తెల్లబోయింది. ప్రసూన పరుగెత్తుకొచ్చి వేళ్ళు కదిలించి చూసి, "విరగలే. ఈపొద్దుకు చాలు, పోండి" అంది.

రామాంజినమ్మ చీపురు కింద పెట్టింది.

"పడేది నేర్పకుండా ఎక్కేది నేర్పితే ఎట్ల మేడమ్?"

ప్రసూన తిరిగి చూసింది. పిల్లలూ చూశారు. రామాంజినమ్మ అప్పటికే చీర కుచ్చెళ్ళు వెనక్కి దోపుకుంటోంది. నడుమెత్తు పిట్టగోడ ఎక్కి నిలబడింది. "చూడుండ్రి. నేల మనకు పగది కాదు. దాన్ని చేతుల్తో తోయగూడదు" అంటూ కిందికి దూకింది. మోకాళ్ళు మడిచి, గడ్డం గుండెకు ఆనించి, భుజం మీదుగా ఒక్క దొర్లు దొర్లి లేచి నిలబడింది. దుమ్ము తప్ప చప్పుడు లేదు. చేతిగాజులు మాత్రం ఒకసారి గలగలమన్నాయి.

పిల్లలు నోళ్ళు తెరిచారు. చౌడేశ్వరి మణికట్టు నొప్పి మరిచిపోయింది. "అవ్వా! యాడ నేర్చుకుంటివి?"

"చిన్నప్పుడు" అని రామాంజినమ్మ చీపురు తీసుకుని గేటు వైపు వెళ్ళిపోయింది.

ప్రసూన ఆ రోజు ఏమీ అడగలేదు. మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక, వరండాలో రామాంజినమ్మ పక్కన కూర్చుని ఫోను తీసింది. ఫోనులో ఒక పెద్ద హాలు, దీపాలు, వేలాది జనం. మెరిసే బట్టల్లో ఒక అమ్మాయి సన్నటి దూలం మీద గాల్లోకి లేచి, తిరిగి, అదే దూలం మీద దిగింది. రామాంజినమ్మ ఫోనును రెండు చేతులా పట్టుకుంది. మళ్ళీ వేయమంది. మూడోసారి చూసి, "అందరూ చప్పట్లు కొడతాండారు. గుడ్డ పరిచి అడుక్కునేది లే" అంది.

"ఒలింపిక్స్ గదవ్వా."

"ఈ ఆట ఆడోళ్ళు ఎప్పుటి నుంచి ఆడతాండారు?"

ప్రసూన తనకు తెలిసినదంతా చెప్పింది. మొదట్లో ఒలింపిక్స్‌లో ఇది మగవాళ్ళ ఆటేనని, ఆడవాళ్ళను రానిచ్చి ఇంకా నిండా నూరేళ్ళు కాలేదని. తొలిరోజుల్లో ముప్పై ఏళ్ళవాళ్ళు, పిల్లల తల్లులు కూడా ఆడి గెలిచారని. ఆ తర్వాత అది చిన్నపిల్లల ఆటగా మారిపోయిందని. "పద్నాలుగేండ్ల పాపకు పదికి పది ఇచ్చినారవ్వా. అన్ని మార్కులు ఎవురికీ రావనుకుని బోర్డును అట్లనే చేసి పెట్టినారు. దానికి పది చూపించేకి చేతగాలే. ఒకటి అని పడె."

రామాంజినమ్మ పగలబడి నవ్వింది. "మార్కులేసేటోళ్ళకే సిగ్గు!"

"ఇప్పుడు పదహారు రానిదే పెద్ద పోటీలకు రానీరు. చిన్నపిల్లల్ని మరీ ఏడిపిస్తాండారని. నాకు పదమూడో ఏట ఎత్తు పెరిగింది. మా కోచ్ నన్ను చూసి, నువ్వింక పనికిరావు, కూడు తగ్గియ్ అనె. రెండేండ్లు సగం కూడే తిన్యా. మోకాలు పాయె. మానేసినా."

"మా నాయన గూడా అంతే మేడమ్. బరువెక్కితే గడ ఒప్పుకోదు అని పొద్దున కూడు పెట్టనీడు మా అమ్మను." నోరు జారిందని తెలిసింది. కాని వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు. "మేం దొమ్మరోళ్ళం మేడమ్" అంది.

"నిన్ననే అర్థమయ్యిందవ్వా. నువ్వు చెప్పేదాకా అడగగూడదనుకున్యా."

పిల్లలు కుళాయి దగ్గర గిన్నెలు కడుక్కుంటున్నారు. ప్రసూనకు ఇంకొకటి గుర్తొచ్చింది. "సోవియట్ దేశంలో ఒకామె ఉన్నింది. నాలుగో నెల కడుపుతో ప్రపంచ పోటీల్లో ఆడి ఐదు బంగారు పతకాలు గెల్చె. ఎవురికీ చెప్పలే."

రామాంజినమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "నాకి సరళ ఐదో నెల. బత్తలపల్లి పక్క ఒక ఊర్లో గడెక్కినా. ఎక్కకపోతే కూడు లే. పైన తిరుగుతాంటే లోపల బిడ్డ కదిలె." తర్వాత అడిగింది, "ఆయమ్మ బిడ్డ బాగుండాదా?"

"బాగనే ఉండాదంట."

"మంచిది" అంది రామాంజినమ్మ, ఎవరో దగ్గరి చుట్టం క్షేమం విన్నట్టు.

ఆ వారం నుంచి మొగ్గల క్లాసులో ఇద్దరు టీచర్లు. రామాంజినమ్మ మొట్టమొదట దూలం పక్కన నేలను గడ్డపారతో తవ్వించి, రాళ్ళు ఏరించి, వంకలోంచి ఇసుక తెప్పించి పోయించింది. రోజూ మధ్యాహ్నం దాని మీద నీళ్ళు చిలకరించేది. ఎండకు నేల గట్టిపడితే రాయికీ దానికీ తేడా ఉండదని ఆమెకు తెలుసు. రెండు వారాలు పిల్లల్ని దూలం ఎక్కనివ్వలేదు. ముందుకు పడటం, వెనక్కి పడటం, పక్కకు పడటం, అంతే. పిల్లలకు అది మహా సరదా అయింది. మూడోవారం దూలం ఎక్కించి, కాళ్ళ కేసి చూసుకోవద్దని, ఎదురుగా గోడ మీద ఒక చుక్క పెట్టుకుని దాన్నే చూడమని చెప్పింది. "మీ పాదాలకు కండ్లుండాయి. వాటిని నమ్మండ్రి" అనేది. శరీరాన్ని ఎట్లా తిప్పాలో, చేతులు ఎప్పుడు విప్పాలో ప్రసూన చెప్పేది. మధ్యాహ్న భోజనంలో గుడ్లు పెట్టే రోజు మాత్రం ఇద్దరూ ఒకే పని చేసేవాళ్ళు. ఏ పిల్లా తన గుడ్డు పక్కదానికి ఇవ్వకుండా తిన్నదా లేదా అని చూసేవాళ్ళు.

బట్టల దగ్గర చిన్న పేచీ వచ్చింది. పోటీల్లో వేసుకునే, ఒంటికి అతుక్కునే ఆ కురచ బట్టలు తమ పిల్లలకు వద్దని ఇద్దరు తల్లులు వచ్చి తెగేసి చెప్పారు. కాళ్ళు పూర్తిగా కప్పే బట్టలు కూడా పోటీల్లో ఒప్పుకుంటారని ప్రసూన ఫోనులో ఫొటోలు చూపించాక మెత్తబడ్డారు.

అసలు చిక్కు నవంబరులో వచ్చింది. చౌడేశ్వరి మళ్ళీ అదే ప్రశ్న వేసింది: "యాడ నేర్చుకుంటివవ్వా?" ఈసారి రామాంజినమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. గడ గురించి, డోలు గురించి, బియ్యం చల్లడం గురించి. పన్నెండు మంది చుట్టూ కూర్చుని కదలకుండా విన్నారు. విన్నదంతా ఇళ్ళకు మోసుకుపోయారు.

రెండో రోజు పొద్దున కుళ్ళాయప్ప ఇంకో నలుగురితో వచ్చాడు. చేతిలో గొర్రెలు తోలే కట్టె అట్లాగే ఉంది. హెడ్మాస్టరు విష్ణువర్ధన్ కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఏమప్పా సారూ, సదువు చెప్తారని పంపిస్తే మా పాపకు దొమ్మరాట నేర్పిస్తాండారంట? ఊర్లో నవ్వుతాండారు. రేపు దానికి సంబంధం యాడ నుంచి వస్తాది?"

ప్రసూన ఏదో చెప్పబోయింది. గుమ్మం దగ్గర నిలబడ్డ రామాంజినమ్మ ఆమెను వద్దన్నట్టు చెయ్యి చూపి లోపలికి వచ్చింది.

"కుళ్ళాయప్పా, నీది పక్కనుండే గొల్లపల్లె గదా? ముప్పై ఏండ్ల కింద ఒక ఏడు వానలు లేక మీ పెద్దోళ్ళు మాకు కబురు పెట్టినారు. మీ చావిడి ముందర గడ నాటినారు. నేనే ఎక్కింది. నువ్వు అప్పుడు ఇంతుంటావు." చేత్తో నడుమెత్తు చూపించింది. "బియ్యం చల్లితే మీ ఊరి ఆడోళ్ళంతా కొంగులు పట్టిరి. నాకి మొక్కిరి. అప్పుడు ఎవురూ నవ్వలే."

కుళ్ళాయప్ప ముఖంలో ఏదో కదిలింది. ఆ గడ అతనికి గుర్తుంది. అంత ఎత్తున తిరిగే మనిషిని మెడ నొప్పి పుట్టేదాకా చూడటం గుర్తుంది.

"నేను ఆడింది కూటికి. నీ పాప ఆడేది దాని కోసరం. ఈ రెండూ ఒకటి గాదు. నాకి తెలిసిందల్లా పడితే దెబ్బ తగలకుండా ఎట్ల పడాలో అంతే. అది చెప్తే మీకు చెడ్డపేరు వస్తాదంటే, నేను రాను. మేడమే నేర్పిస్తాది. పాపను మాత్రం ఆపొద్దు."

ఆమె గొంతు పెరగలేదు. కుళ్ళాయప్ప మాత్రం కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. ఆ సాయంత్రం మొగ్గల క్లాసుకు ఐదుగురే వచ్చారు.

వార్త అనంతపురం చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. సరళ ఫోను చేసింది. "ఇన్నేండ్లు దాచిపెట్టుకుంటిమి గదమ్మా. మా అత్తోళ్ళకు తెలిస్తే నేను ఏమని చెప్పుకోవాల?" "తప్పు చేసినట్ల అనిపించలే తల్లీ. అందుకే చెప్పినా" అంది రామాంజినమ్మ. అటువైపు ఫోను పెట్టేసిన చప్పుడు. ఆ తర్వాత రెండు నెలలు సరళ ఫోను చేయలేదు. రామాంజినమ్మ ఎప్పటిలాగే తొట్లు నింపింది, గదులు ఊడ్చింది, ఇసుక తడిపింది. అన్నం మాత్రం సగం తిని లేచేది. ప్రసూన అది గమనించి తన డబ్బా తెచ్చుకుని ఆమె ఎదురుగా కూర్చుని తినడం మొదలుపెట్టింది.

మూడు వారాలకు కుళ్ళాయప్ప మళ్ళీ వచ్చాడు. ఈసారి ఒక్కడే. సెలవురోజు, బడి ఖాళీగా ఉంది. రామాంజినమ్మ ఇసుక గుంతలో ఎండుటాకులు ఏరుతోంది. గుంత గట్టు మీద నిలబడి మెల్లగా అన్నాడు.

"గొర్రెలకాడికి పంపిస్తి దాన్ని. నిన్న చూస్తే, మా ఎండిపోయిన బాయి లేదా, దాని గోడ మీద నడుస్తాండాది. చేతులు ఇట్ల చాపి. లోపల యాభై అడుగులు. నాకి కేకెయ్యాలన్నా భయమాయె. ఉలిక్కిపడి పడిపోతాదేమో అని."

రామాంజినమ్మ ఆకులు ఏరడం ఆపింది. "మళ్ళా ఏమాయె?"

"తనంతట తనే దిగింది. కొట్టేకి చెయ్యెత్తితి. చెయ్యి రాలే." అతను తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "అది మానేది లేదక్కా. నేను యాడ కాపలా కాసేది? సోమారం నుంచి పంపిస్తా. దానికి పడేది నేర్పించు. నువ్వే నేర్పించు."

"బాయి గోడ ఎక్కనని నా ముందర ఒట్టు పెట్టమను. అప్పుడే రానిస్తా" అంది రామాంజినమ్మ. కుళ్ళాయప్ప తలూపి వెళ్ళాడు. సోమవారం చౌడేశ్వరి వచ్చి ఒట్టు పెట్టింది. ఆమె వెనకాల మానేసిన పిల్లల్లో నలుగురు వచ్చారు.

జనవరి చివర్లో అనంతపురంలో జిల్లా పోటీలు. చౌడేశ్వరి పేరు ఇచ్చారు. ఆడపిల్లకు తోడు ఉండాలి కాబట్టి రామాంజినమ్మ కూడా బస్సెక్కింది. ఇండోర్ హాలులో అడుగుపెట్టగానే ఆమె మొదట చూసింది కింద పరిచిన పరుపుల్ని. వంగి అరచేత్తో నొక్కి చూసి, "ఇంత మెత్తగా ఉంటే ఇంకేం భయం" అంది. టౌను పిల్లలు మెరుపు పూసల బట్టల్లో, బిగించి దువ్విన జడముడులతో ఉన్నారు. చౌడేశ్వరి సాదా నల్లబట్టల్లో ఉంది. అక్కడి బీమ్ ఆమె గుండెల ఎత్తు ఉంది. మోకాలెత్తు దూలం తప్ప ఎరగని పిల్ల దాని మీద అరచెయ్యి పెట్టి చూసింది.

"అవ్వా, ఎత్తుంది."

"వెడల్పు అంతే గదే. నీ పాదానికి ఎత్తు తెలీదు" అంది రామాంజినమ్మ.

మధ్యాహ్నం కావస్తుండగా ఎవరో వచ్చి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నారు. చూస్తే సరళ, పోటీల సంగతి విని వచ్చింది. డ్యూటీ బట్టల్లోనే, చేతిలో అన్నం క్యారియరుతో. తల్లీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఏదైనా అనుకునేలోపే చౌడేశ్వరి పేరు పిలిచారు.

బాగా మొదలుపెట్టింది. నడక, గెంతు, ఒంటికాలి మీద మలుపు, అన్నీ నిలిచాయి. చేతులు ఆనించి చక్రం తిరిగింది, నిలబడింది. రెండో చక్రం దగ్గర మడమ జారింది. హాలులో ఎవరో అయ్యో అన్నారు. సరళ తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. చౌడేశ్వరి గాల్లోనే గడ్డం దించి, భుజం తిప్పి, పరుపు మీద దొర్లి, దొర్లిన ఊపులోనే లేచి నిలబడింది. పడ్డవాళ్ళు పది సెకన్లలోపు మళ్ళీ ఎక్కాలి. ఆమె ఒక్క క్షణం కూడా తడబడకుండా, ఊపిరి పీల్చుకుని, ఎదుట గోడ మీద ఏదో ఒకచోట చూపు నిలిపి మళ్ళీ ఎక్కింది. మిగతాదంతా చేసి దిగింది. రామాంజినమ్మ చప్పట్లు కొట్టలేదు. కొట్టడానికి చెయ్యి ఖాళీగా లేదు.

తొమ్మిది మందిలో ఐదో స్థానం వచ్చింది. రాష్ట్ర పోటీలకు నలుగురినే తీసుకుంటారు. పడినందుకు పోయిన ఒక్క మార్కు పోకుంటే నాలుగో స్థానమే. చౌడేశ్వరి హాలు బయట మెట్ల మీద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. ప్రసూన పక్కన కూర్చుని వీపు నిమిరింది, ఏడవొద్దని మాత్రం అనలేదు.

కాస్త దూరంలో సరళ క్యారియరు విప్పి తల్లికి అన్నం కలిపి ఇచ్చింది.

"మా ఆయనకు చెప్పేసినా మా" అంది, గిన్నె చూస్తూ.

రామాంజినమ్మ చేతిలో ముద్ద ఆగింది. "ఏమన్నాడు?"

"నవ్వినాడు. పెండ్లినాడే ఎవరో చెప్పినారంట వాళ్ళ నాయనకు. ఇంట్లో అందరికీ తెలుసంట. నేను బాధపడతానని నా ముందర ఎత్తలేదంట." సరళ ఇంకో ముద్ద కలిపింది. "పన్నెండేండ్లమ్మా. నేను ఒక్కదాన్నే దాచుకుంటి."

రామాంజినమ్మకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఏది ముందో ఆమెకే తెలియలేదు. "తిను" అని తన చేతిలోని ముద్ద కూతురి నోటికి అందించింది. అక్కడి నుంచే చౌడేశ్వరినీ ప్రసూననూ కేకేసి పిలిచింది. నలుగురూ ఆ క్యారియరే పంచుకు తిన్నారు. మాటల మధ్య సరళ గడ గురించి మొదటిసారి ఏదో అడిగింది. ఆ మధ్యాహ్నం బస్సు వచ్చేదాకా తల్లి చెబుతూనే ఉంది.

మరుసటి ఏడు చౌడేశ్వరి జిల్లాలో రెండో స్థానంలో నిలిచింది. రాష్ట్ర పోటీలకు ప్రసూన వెంట కుళ్ళాయప్ప వెళ్ళాడు. గొర్రెల్ని ఎవరికో అప్పగించి, కొత్త పంచె కట్టుకుని మరీ వెళ్ళాడు. రామాంజినమ్మకు మోకాలి నొప్పి ఉండి ఆగిపోయింది. మూడో రోజు సాయంత్రం ఫోను వచ్చింది. ముప్పై ఒక్క మందిలో ఎనిమిదో స్థానం. చౌడేశ్వరి గుక్క తిప్పుకోకుండా హాలు ఎంత పెద్దదో, పిల్లలు ఎంత బాగా ఆడారో చెప్పింది. మధ్యలో కుళ్ళాయప్ప ఫోను లాక్కుని, "అక్కా, ఈడ ఒక సారు మా పాపను మెచ్చుకున్యాడు. వచ్చే ఏడు ఇంకా బాగా ఆడతాదంట" అని చెప్పి, ఇంకేం మాట్లాడాలో తెలియక మళ్ళీ కూతురికి ఇచ్చేశాడు.

ఫోను పెట్టేసరికి నాలుగయింది. బడి వెనక కొత్తగా చేరిన ఆరో తరగతి పిల్లలు చెప్పులు విప్పి వరుసగా పెట్టి ఎదురుచూస్తున్నారు. ఈ ఏడు ఇరవై ముగ్గురు. రామాంజినమ్మ కుచ్చెళ్ళు దోపుకుని, మోకాలు ఒకసారి రుద్దుకుని, వాళ్ళ దగ్గరికి నడిచింది.

"మొదట ఎవురు పడతారు?" అని అడిగింది. ఇరవై మూడు చేతులు లేచాయి.